ఆలోచనలు ఆగడం లేదని దిగులెందుకు?

కళ్ళు మూసుకోగానే మనకేం గుర్తొస్తుంది చెప్పు? రేపటి ఇడ్లీకి మినప్పప్పు నానబోశామా, గ్యాస్ బుక్ చేశామా, పిల్లాడి ఫీజు కట్టడానికి ఆఖరి తేదీ ఎప్పుడు, మొన్న పెళ్ళిలో తోటికోడలు అందరి ముందూ ఆ మాట ఎందుకంది... ధ్యానమని కూర్చున్న పది నిమిషాల్లో ఊరంతా తిరిగొస్తాం. టైమర్ మోగాక కళ్ళు తెరిచి, "నా వల్ల కాదులే, నా మనసు అందరిలాంటిది కాదు" అనుకుంటూ లేచిపోతాం. ఎంతమంది చెల్లెళ్ళు నాతో ఈ మాటే అన్నారో! అనేటప్పుడు వాళ్ళ మొహం ఎంత చిన్నబోతుందో. ఇవాళ ఆ దిగులు సంగతి చూద్దాం. టీ చల్లారనివ్వకు, తాగుతూ విను.

అసలు ఆలోచనలు ఆగిపోతేనే ధ్యానమని నీకెవరు చెప్పారమ్మా?

మనసు తిరుగుతుంది. గీతలో అర్జునుడంతటి వాడే కృష్ణుడి దగ్గర మొరపెట్టుకున్నాడు, దీన్ని పట్టుకోవడం గాలిని పట్టుకోవడమంత కష్టంగా ఉందని. కృష్ణుడు కోప్పడ్డాడా? లేదు. కష్టమేనని ఒప్పుకుని, అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ దారికొస్తుందన్నాడు. ఈ కాలం వాళ్ళు లెక్కలు కూడా తీశారు. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అని ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు 2,250 మందిని ఫోన్లో, రోజులో ఏదో ఒక వేళప్పుడు పలకరించి, ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు అని అడుగుతూ పోయారు. దాదాపు 47 శాతం సార్లు చేస్తున్న పని మీద మనసు లేదు. ఇంచుమించు సగం జీవితం! వాళ్ళేమీ ధ్యానం చేయబోయి ఓడిపోయిన వాళ్ళు కారు, మామూలుగా ఉద్యోగాలకెళ్తూ, బస్సులెక్కుతూ, వంట చేసుకుంటూ ఉన్నవాళ్ళు. కాబట్టి నీ మనసొక్కటే తేడాగా ఉందన్న బెంగ ముందు పక్కన పెట్టెయ్.

అయితే అదే పరిశోధనలో మనం తీసుకోవాల్సిన మాట ఇంకొకటుంది. మనసు ఎటో పోయినప్పుడు మనుషులు అంత సంతోషంగా లేరు. చివరికి మంచి విషయాలు తలుచుకుంటున్నప్పుడు కూడా, చేతిలో ఉన్న పనిలో మునిగినప్పటికంటే ఎక్కువ సంతోషంగా ఏమీ లేరు. మన అలసటలో సగం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. పని వల్ల వచ్చే అలసట నిద్రపోతే తీరుతుంది. లాక్కుపోయే ఆలోచన వల్ల వచ్చేది నిద్రలో కూడా వెంటపడుతుంది.

సరే, మరి ఏం చేద్దాం? ముందు ఒక చిన్న ప్రశ్న. "నేను ధ్యానంలో కూర్చుంటే ఒకటే ఆలోచనలక్కా" అంటావు కదా, ఆలోచనలు వచ్చాయని నీకెలా తెలిసింది?

నవ్వకు, నిజంగానే అడుగుతున్నా. తోటికోడలి మాట చుట్టూ తిరుగుతూ, ఆవిడకి ఏం జవాబు చెప్పాలో మనసులోనే డైలాగులు రాసుకుంటూ ఉన్నావు. ఉన్నట్టుండి, "అరె, కూర్చున్నది ధ్యానానికి కదా" అని తెలిసింది. ఆ తెలియడం ఎక్కణ్ణించి వచ్చింది? దాన్ని నువ్వు తెచ్చుకోలేదు. ప్రయత్నిస్తే వచ్చింది కూడా కాదు, ఎందుకంటే ఆ క్షణం ముందు దాకా నువ్వు ఆ పెళ్ళి మండపంలోనే ఉన్నావు. అయినా తెలిసింది. ఇన్నేళ్ళుగా పెద్దలు ఎరుక, సాక్షి అని చెబుతున్నది దీన్నే తల్లీ. ఎక్కడో హిమాలయాల్లో దొరికేదేమో అని మనం భయపడుతున్నది, నీకు రోజూ ఎన్నోసార్లు తటస్థపడుతూనే ఉంది. నువ్వేమో అది వచ్చిన ప్రతిసారీ దానికి ఓటమి అని పేరు పెట్టి, నీ నెత్తిన మొట్టికాయ వేసుకుంటున్నావు. ఇంత అన్యాయం ఉంటుందా?

ఆ క్షణంలో చేయాల్సింది ఒక్కటే. తిట్టుకోకూడదు. "అయ్యో మళ్ళీ పోయానే" అనేది కూడా ఇంకో ఆలోచనే, పైగా మొదటి దానికంటే బరువైనది. తెలిసింది కదా, హాయిగా ఒక ఊపిరి తీసుకుని వదులు. మళ్ళీ పోతే మళ్ళీ తెలుస్తుంది. ఇరవైసార్లు పోయి ఇరవైసార్లు తెలిసిన రోజుని నేనైతే మంచి రోజంటాను.

ఇంకో పొరపాటు చేస్తాం మనం, ఆలోచనని బలవంతంగా తోసెయ్యాలని చూస్తాం. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమంది విద్యార్థులని కూర్చోబెట్టి, ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి మాత్రం ఆలోచించొద్దన్నాడు. వస్తే గంట కొట్టమన్నాడు. పాపం, గంట మోగుతూనే ఉంది. ఆ తర్వాత, సరే ఇప్పుడు దాని గురించి ఆలోచించుకోవచ్చు అంటే, మొదట్నుంచీ స్వేచ్ఛగా ఆలోచించిన వాళ్ళకంటే వీళ్ళకే ఆ ఎలుగుబంటి ఎక్కువసార్లు వచ్చింది. అణిచిపెట్టింది ఇంకా ఎక్కువై తిరిగొచ్చిందన్నమాట. కోడలికి ఆ ఎలుగుబంటి అత్తగారు కావచ్చు, అత్తగారికి కోడలు కావచ్చు. తొయ్యకు. ఉండనీ.

ఉండనిస్తే నెత్తికెక్కి కూర్చోదా అంటావా? పక్క గదిలో టీవీ మోగుతూ ఉంటుంది చూడు, మనం వంటింట్లో మన పని చేసుకుంటూ ఉంటాం. మోగుతోందని తెలుసు, సీరియల్లో ఎవరో ఏడుస్తున్నారనీ తెలుసు. వెళ్ళి దాని ఎదురుగా కూర్చుంటేనే ఆ ఏడుపు మనదైపోతుంది. ఆలోచన దగ్గరా అంతే. మోగనీ. వెళ్ళి కూర్చోకపోతే చాలు.

ఇక్కడే, కొంచెం చదువుకుని, నాలుగు ప్రసంగాలు విని వచ్చిన చెల్లెళ్ళకి ఒక కొత్త చిక్కు వస్తుంది. "అక్కా, నేను ఆలోచనలని గమనిస్తున్నాను. బాగానే గమనిస్తున్నాను. కానీ తల బద్దలైపోతోంది." ఎందుకు బద్దలవదు మరి! లోపల ఒక కామెంట్రీ నడుస్తోంది కదా. 'ఇప్పుడు కోపం వచ్చింది, ఇప్పుడు నేను దాన్ని చూస్తున్నాను, ఇదిగో సాక్షిగా ఉన్నాను...' ఆ మాటలు చెప్పేది ఎవరు? అది కూడా ఆలోచనే. ఎరుక వేషం వేసుకొచ్చిన ఆలోచన. దీన్ని పట్టుకోవడం కష్టం, అందుకే నిదానంగా చెబుతున్నా.

కుక్కర్ విజిల్ వేసింది అనుకో. 'రెండో విజిల్' అని లోపల లెక్కపెట్టుకునే లోపే ఆ శబ్దం నీకు తెలిసిపోయింది. ముందు తెలిసింది, లెక్క వెనకాల వచ్చింది. తెలియడానికి మాట అక్కర్లేదు. మాట వచ్చిందంటే ఆలోచన వచ్చినట్టే, అది ఎంత ఆధ్యాత్మికంగా ఉన్నా సరే. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి గారు జీవితమంతా తిరిగి తిరిగి చెప్పింది ఈ చిక్కు గురించే. తన చుట్టూ కట్టిన పెద్ద సంస్థని 1929లో తనే రద్దు చేసి, సత్యానికి ఏ గురువూ ఏ సంస్థా దారి వేయలేరన్న మనిషి ఆయన. చూసేవాడు, చూడబడేది అని మనం లోపల గోడ కట్టుకుంటామనీ, ఆ చూసేవాడు కూడా ఆలోచన కట్టిన బొమ్మేననీ అన్నారు. కోపం వచ్చినప్పుడు, ఆ కోపాన్ని దిద్దడానికి ఇంకో పెద్దమనిషి లోపల తయారవుతాడు కదా, ఆ పెద్దమనిషీ కోపమూ ఒకే గుడ్డలోంచి చించిన ముక్కలన్నమాట. ఆయన పుస్తకాలు చదివి అర్థం కాలేదని బాధపడే వాళ్ళు నాకు చాలామంది తెలుసు. అర్థం చేసుకోవాలని మనం మళ్ళీ ఆలోచననే పనికి పిలుస్తాం, ఇబ్బందంతా అక్కడే.

మరి ఏం చేయాలంటే, ఆ వ్యాఖ్యానాన్ని కూడా మిగతా ఆలోచనల్లో కలిపెయ్. "చూస్తున్నాను" అనే మాట వినపడిందా, అదీ వినపడిందని తెలిసింది, అంతే. తెలుసుకునేదాన్ని వెతికి పట్టుకోవాలని తవ్వకాలు మొదలుపెట్టకు. అక్కడే నుదురు బిగుసుకుపోతుంది, తలనొప్పి వస్తుంది. నుదురు, దవడ వదులుగా పెట్టు. ఇప్పుడే, చదువుతూనే పెట్టు. వచ్చిందా తేడా?

మన ఇళ్ళల్లో ఇప్పుడు అరుణాచలం వెళ్ళని వాళ్ళు తక్కువ. గిరిప్రదక్షిణ చేసి, రమణాశ్రమంలో కాసేపు కూర్చుని, నెమలి ఫొటోలు తీసుకుని వస్తాం. సంతోషమే. కానీ అక్కడ కూర్చున్న ఆ మహానుభావుడు మన ఈ దిగులుకి ఎంత సులువైన చిట్కా ఇచ్చి వెళ్ళారో తెలుసుకోకుండా వస్తే ఎలా? 1896లో పదహారేళ్ళ పిల్లవాడిగా మదురైలో ఆయనకి ఉన్నట్టుండి చావు భయం పట్టుకుంది. పారిపోలేదు, ఎవరినీ పిలవలేదు. పడుకుని, ఈ శరీరం పోతే ఏం పోతుంది, ఏం మిగులుతుంది అని లోపలికే చూశారు. ఆ సెప్టెంబరులోనే అరుణాచలం ఉన్న తిరువణ్ణామలై చేరి, 1950లో దేహం వదిలే దాకా ఆ కొండని విడవలేదు. మన బొబ్బిలి వైపు నుంచి వచ్చిన కావ్యకంఠ గణపతి ముని 1907లో ఆయన్ని దర్శించుకున్నాకే భగవాన్ రమణ మహర్షి అన్న పేరు లోకానికి తెలిసింది.

ఆయన చెప్పిన చిట్కా ఇది. ఆలోచన వస్తే దాని వెంట పోకుండా, దానితో కుస్తీ పట్టకుండా, ఇది ఎవరికి వచ్చింది అని మెల్లగా అడుగు. నాకే వచ్చింది. ఆ 'నాకు' అనేది ఏది? అక్కడికి చూపు తిప్పు. దీన్ని జపంలా వందసార్లు అనుకోమని కాదు. చాలామంది అలా చేసి, ఏ జవాబూ రాలేదని విసుక్కుంటారు. జవాబు కోసం అడిగే ప్రశ్న కాదమ్మా ఇది. తోటికోడలి మీద ఉన్న చూపు నీ వైపు తిరగడమే దాని ప్రయోజనం. తిరిగిందా, ఇంకేమీ అనకు. ఒక్క క్షణం ఉండు. మళ్ళీ ఇంకో ఆలోచన వస్తుంది, మళ్ళీ అడుగు.

కొంతమందికి దీనికి తలకిందులైన బాధ ఉంటుంది. "నాకు ఆలోచనలే రావడం లేదక్కా, హాయిగా ఏమీ లేకుండా అయిపోతోంది, ఇదే సమాధా?" అని. ముందుగా, మెడ వాలిందేమో చూసుకో. నిద్ర లేక అల్లాడే ఆడదానికి కళ్ళు మూసుకుంటే నిద్ర వస్తుంది, తప్పేం కాదు, వెళ్ళి పడుకో. కానీ ఏమీ లేకుండా పోవడం మీద మోజు పెంచుకోకు. రమణులు దీనికి ఒక కథ చెప్పేవారు. గంగ ఒడ్డున ఒక యోగి శిష్యుణ్ణి నీళ్ళు తెమ్మని పంపి, వాడు తిరిగొచ్చే లోపే గాఢమైన సమాధిలోకి వెళ్ళిపోయాడు. వందల ఏళ్ళు గడిచాయి. శిష్యుడు లేడు, గంగ కూడా దారి మార్చుకుంది. యోగి కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట నీళ్ళేవని! అంతకాలం మనసు అణగి ఉంది కానీ ఆ చిన్న కోరిక కూడా ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. దీన్ని మనోలయం అంటారు, అంటే మనసు తాత్కాలికంగా అణగడం. మనోనాశం, అంటే అది మళ్ళీ తలెత్తకుండా పోవడం, వేరు. 'ఉపదేశసారం'లో ఆయన ఈ తేడా చెప్పారు. ఆ పుస్తకాన్ని ఆయన తమిళంలోనూ సంస్కృతంలోనూ రాయడమే కాదు, తెలుగులోనూ స్వయంగా రాశారు. ముప్ఫయ్యే పద్యాలు. మన భాషలో ఆయనే రాసినది మన ఇంట్లో లేకపోతే ఎలా, ఈసారి వెళ్ళినప్పుడు విభూతి పొట్లంతో పాటు అదీ తెచ్చుకో.

ఈ కథ మనకెందుకంటావా? పొద్దున అరగంట ధ్యానం చేసి లేచి, వంటింట్లో అడుగుపెట్టగానే నిన్నటి గొడవ నిన్న ఆపిన వాక్యం దగ్గర్నుంచే మొదలవుతుంది చూడు. అదే ఇది. కూర్చున్నంతసేపూ ఆలోచనలు రాకపోవడం వల్ల ఆ గొడవ కరగలేదు. అది వచ్చినప్పుడు, వస్తోందని తెలిసి ఉంటేనే మెల్లగా పలచబడుతుంది.

జ్ఞానులకి అసలు ఆలోచనలే ఉండవా అని కూడా అడుగుతారు. రమణులు తెల్లవారకముందే ఆశ్రమం వంటశాలకి వచ్చి కూరలు తరిగేవారు, పచ్చళ్ళ గురించీ పులుసుల గురించీ సూచనలిచ్చేవారు. వార్తాపత్రిక చదివేవారు. అచ్చుకెళ్ళే పుస్తకాల ప్రూఫులు దిద్దేవారు. ఎంత ఉప్పు వేయాలో తెలియాలంటే ఆలోచన కావాలిగా? పని కోసం వచ్చే ఆలోచన వచ్చి, పని చేసి పోతుంది. 'నన్నిలా అంది, నాకిలా చేశారు, నా గతేమిటి' అని మనం దాన్ని పట్టుకుని వేలాడే ఆ నాది అన్న ముడి వాళ్ళలో లేదని పెద్దలు చెబుతారు. నాకు ఈ మాట ఎంత ధైర్యమిస్తుందో! అంటే ఈ దారిలో నడవాలంటే ఇల్లు మరిచిపోనక్కర్లేదు, లెక్కలు మానేయనక్కర్లేదు, పిల్లల గురించి ఆలోచించడం పాపం కాదు.

సూరి నాగమ్మ గారి పేరు విన్నావా? గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టారు. చిన్నతనంలోనే అమ్మానాన్నా పోయారు, బాల్యంలోనే వైధవ్యం. ఆ రోజుల్లో అలాంటి పిల్లకి ఇల్లే జైలు. నలుగురిలోకి రాలేక మూలన కూర్చున్న మనిషి, తనంతట తనే చదువుకుని, 1941లో రమణాశ్రమం చేరి, 1945 నుంచి అన్నగారికి అక్కడి విశేషాలు ఉత్తరాలుగా రాస్తూ పోయారు. అవే ఆశ్రమ లేఖలుగా పుస్తకమై, ఇంగ్లీషులోకీ వెళ్ళాయి. ఎవరు ఏం ప్రశ్న వేశారు, భగవాన్ ఎలా నవ్వారు, కోతులేం చేశాయి, అన్నీ ఉంటాయి అందులో. పెద్ద పెద్ద వేదాంత గ్రంథాలు చూసి భయపడకు, వాటితో మొదలుపెట్టకు. ఈ అక్క రాసిన ఉత్తరాలతో మొదలుపెట్టు, మధ్యాహ్నం పూట రోజుకొకటి చాలు. అంత దుఃఖం చూసిన మనిషి అంత తేటగా ఎలా చూడగలిగారో గమనించు.

కొందరికి మాటలతో, ప్రశ్నలతో కుదరదు. ఒంట్లోనే అంతా తెలుస్తుంది. బాధ వస్తే గుండెల మీద బండ, భయం వస్తే పొట్టలో తిప్పుడు. అలాంటి వాళ్ళకి గోయెంకా గారు ప్రచారంలోకి తెచ్చిన విపశ్యన పద్ధతి పట్టుబడుతుంది. పదిరోజుల శిబిరం, మొదటి మూడున్నర రోజులూ ముక్కు దగ్గర ఊపిరి, ఆ తర్వాత ఒళ్ళంతా స్పర్శలని గమనించడం. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, మౌనం, ఫోన్ ఉండదు. ఫీజు లేదు, ఇంతకుముందు చేసిన వాళ్ళ విరాళాలతోనే నడుస్తుంది. హైదరాబాద్ దగ్గరా, నాగార్జునసాగర్ దగ్గరా కేంద్రాలున్నాయి. పది రోజులు ఇల్లు వదిలి రాలేనంటావు, నాకు తెలుసు. ఇంట్లోనే అందులోని కిటుకు వాడుకో. ఆలోచన మరీ సలసల కాగుతున్నప్పుడు, అందులోని కథ వదిలేసి, అది ఒంట్లో ఎక్కడ తగులుతోందో చూడు. గొంతులోనా, ఛాతీలోనా? ఆ చోట అరచెయ్యి పెట్టు. కథ ఎంతకీ అయిపోదు కానీ ఆ బిగువు మారుతూ ఉంటుంది, తగ్గుతుంది, పెరుగుతుంది, జరుగుతుంది. మారుతోందని తెలిస్తేనే సగం ఊరట.

ఇప్పుడు నా మాట గట్టిగా విను, ఇక్కడ మొహమాటం లేదు. నెలల తరబడి నిద్ర పట్టకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే, బతకాలనిపించకపోతే, పాత దెబ్బేదో కళ్ళు మూసుకోగానే మీద పడిపోతుంటే, ధ్యానంతో సరిపెట్టుకోకు. పదిరోజుల మౌనానికి అసలు పరిగెత్తకు. ముందు డాక్టరు. వాడుతున్న మందులు ధ్యానం మొదలుపెట్టాను కదా అని ఆపేయకూడదు. ఎవరికి చెప్పాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. కళ్ళు మూసుకుంటే భయమేస్తే కళ్ళు తెరిచే చేద్దాం. ఎరుకకి కళ్ళు మూసుకోవాలన్న నియమమేమీ లేదు.

రోజూ ఎలా కూర్చోవాలంటే, పాలు పొయ్యి మీద పెట్టి పొంగే దాకా ఫోన్ చూడకుండా అక్కడే నిలబడు. అంతే మొదటి వారం. అరికాళ్ళు నేల మీద, గిన్నె అంచున బుడగలు, మధ్యలో వచ్చిన ఆలోచనలు, అన్నీ తెలుస్తూ ఉండనీ. తర్వాత, ఇంట్లో అందరూ లేవకముందు పది నిమిషాలు గోడకానుకుని కూర్చో. బాసింపట్టు రాకపోతే కుర్చీలో కూర్చో. ఫోన్ పక్క గదిలో ఉండాలి, టైమర్ కావాలంటే వంటింటి గడియారం చాలు. ఆ పది నిమిషాలు ఇంట్లో వాళ్ళ నుంచి దొంగిలించినట్టు అనిపిస్తుంది నీకు, నాకు తెలుసు. "నేను కూర్చుంటున్నా, టీ ఏడింటికి ఇస్తా" అని మామూలుగా చెప్పెయ్. వాళ్ళు కాదనరు, ఒకట్రెండు రోజులు వింతగా చూస్తారు, అంతే.

మరి పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? వెలుగులు కనపడ్డాయా, ఒళ్ళు తేలిందా అని కూర్చున్న చోట చూసుకోకు. ఎవరో ఒక మాట అంటారు, నీ నోటి దాకా జవాబు వస్తుంది. ఇంతకుముందు ఆ రెండింటి మధ్యా సందు లేదు. ఇప్పుడు కాస్త దొరుకుతుంది, జవాబు వచ్చిందని నీకు ముందే తెలుస్తుంది. అప్పుడు చెప్పాలనుకుంటే చెప్పు, మానుకోవాలనుకుంటే మానుకో, అది నీ ఇష్టం. సంక్రాంతికి అందరూ కలుస్తారుగా, తోటికోడలు కూడా వస్తుంది. ఆవిడ మాట్లాడేటప్పుడు ఒకసారి చూసుకుని, తర్వాత నాకు ఉత్తరం రాయి.